సమీకరణం తూచదు, లెక్కపెడుతుంది

ఇంటర్ మొదటి సంవత్సరం కెమిస్ట్రీలో స్టాయికియోమెట్రీ పాఠం రాగానే డీలాపడే పిల్లలు చాలామంది ఉంటారు. లెక్కలు రానివాళ్లా అంటే అదీ కాదు. త్రికోణమితిని అవలీలగా చేసే అమ్మాయి, గుణకారం, భాగహారం తప్ప ఇంకేమీ లేని ఈ పాఠం దగ్గర పెన్ను కింద పెట్టేస్తుంది. ఈ అధ్యాయం అలాంటి పిల్లల కోసం, వాళ్ల పక్కన కూర్చుని చదివించే అమ్మానాన్నల కోసం, బీఎస్సీ పూర్తి చేసి బల్క్ డ్రగ్ కంపెనీలో చేరి మొదటిసారి బ్యాచ్ షీట్ చేతిలోకి తీసుకున్న కుర్రాళ్ల కోసం. చెప్పదలచుకున్నది ఒక్క మాటే. రసాయన చర్యకు గ్రాములు తెలియవు, అణువుల సంఖ్యే తెలుసు. ఆ సంఖ్యను పక్కనపెట్టి గ్రాముల నుంచి నేరుగా గ్రాముల్లోకి దూకాలని చూసినంతకాలం ఈ పాఠం లొంగదు.

మొదట ఒక ప్రశ్న. 10 గ్రాముల హైడ్రోజన్ మొత్తం అమోనియాగా మారాలంటే ఎంత నైట్రోజన్ కావాలి? తుల్య సమీకరణం ఇది:

నైట్రోజన్ + 3 హైడ్రోజన్ → 2 అమోనియా

తరగతిలో ఈ ప్రశ్న వేస్తే తరచుగా వచ్చే జవాబు 3.33 గ్రాములు. ఎలా వచ్చిందో ఊహించడం తేలికే. నైట్రోజన్ ముందు 1, హైడ్రోజన్ ముందు 3 ఉన్నాయి కాబట్టి పదిని మూడుతో భాగించారు. నోట్‌బుక్‌లో చూడటానికి లెక్క శుభ్రంగానే ఉంటుంది. జవాబు మాత్రం ఉండాల్సిన దానిలో పద్నాలుగో వంతు.

ఇప్పుడు సరైన దారిలో వెళ్దాం. హైడ్రోజన్ వాయువులో పరమాణువులు జంటగా ఉంటాయి, కాబట్టి దాని మోలార్ ద్రవ్యరాశి, అంటే ఒక మోల్ బరువు, 2 గ్రాములు. మోల్ అంటే ఏమిటో కాసేపట్లో చూద్దాం. 10 గ్రాములంటే 5 మోల్స్. 3 మోల్స్ హైడ్రోజన్‌కు 1 మోల్ నైట్రోజన్ చొప్పున 5 మోల్స్‌కు 1.667 మోల్స్ కావాలి. నైట్రోజన్ మోలార్ ద్రవ్యరాశి 28 గ్రాములు. 1.667ను 28తో గుణిస్తే 46.7 గ్రాములు. మొదటి జవాబుకూ దీనికీ ఉన్న తేడా సరిగ్గా 14 రెట్లు. ఆ 14 ఎక్కడిదో చూడండి: 28ని 2తో భాగిస్తే వచ్చేది అదే. నైట్రోజన్ అణువు హైడ్రోజన్ అణువుకన్నా 14 రెట్లు బరువు. 3.33 అని రాసిన విద్యార్థి ఆ బరువు తేడాను లెక్కలోకి తీసుకోలేదు, అంతకుమించి వేరే తప్పేమీ చేయలేదు. అందుకే ఈ పాఠంలో తప్పులు చేసే పిల్లల్ని చూసి నేను నిరుత్సాహపడను. తప్పు ఒకే చోట, ఒకే రకంగా జరుగుతుంది. ఆ ఒక్క చోటు మూసేస్తే చాలు.

పెళ్లింట్లో తాంబూలం సంచులు కట్టడం చూసే ఉంటారు. సంచికి రెండు తమలపాకులు, ఒక వక్క, రెండు అరటిపళ్లు అనుకుందాం. బజారులో వక్కలు తూకానికి, ఆకులు కట్టలకు, పళ్లు డజన్లకు కొంటాం. కానీ సంచి కట్టే పెద్దమ్మ చేతికి తూకంతో పనిలేదు, ఆమె లెక్కపెట్టి వేస్తుంది. కిలో వక్కలు తెచ్చాం కాబట్టి రెండు కిలోల ఆకులు చాలునని ఎవరూ అనరు. కిలోకు ఎన్ని వక్కలు తూగుతాయో చూసుకుని, దాన్నిబట్టి ఆకులు ఎన్ని కావాలో తేల్చి, అప్పుడు కట్టల్లోకి మారుస్తారు. ఆకులు అయిపోయాయంటే వక్కలు ఎన్ని మిగిలి ఉన్నా ఇంకో సంచి తయారుకాదు. మోల్ నిష్పత్తి పాఠంలో ఇంతకు మించిన భావం లేదు. మిగిలిందంతా అంకెలు.

అయితే అణువుల్ని ఏ పెద్దమ్మా వేలితో లెక్కపెట్టలేదు. అందుకే మోల్ కావలసివచ్చింది. ఒక మోల్ అంటే 6.02214076 × 10²³ కణాలు. 2019 మే 20 నుంచి ఈ సంఖ్యే మోల్‌కు అధికారిక నిర్వచనం. అంతకుముందు 12 గ్రాముల కార్బన్-12లో ఎన్ని పరమాణువులుంటాయో అంత అని చెప్పేవారు. ఈ సంఖ్యను బట్టీపట్టడం మీద పిల్లలు పెట్టే శ్రద్ధ చూస్తే బాధగా ఉంటుంది, ఎందుకంటే ఈ పాఠంలోని లెక్కల్లో దాదాపు ఎక్కడా దాని అవసరం రాదు. మోల్ వల్ల మనకు దక్కే మేలు వేరు. అణుద్రవ్యరాశి అంకె వెనక గ్రాములు అని రాస్తే, అదే ఒక మోల్ బరువు. నీటికి 18, కార్బన్ డయాక్సైడ్‌కు 44, యూరియాకు 60. అంటే తక్కెడతో లెక్కపెట్టవచ్చు. 90 గ్రాముల నీరు తూచామంటే 5 మోల్స్ లెక్కపెట్టినట్టే.

బరువులు తెలిసినంత మాత్రాన సంఖ్య తెలియదన్న సంగతి పెద్దపెద్ద శాస్త్రవేత్తల్ని కూడా అర్ధశతాబ్దం పాటు తిప్పలు పెట్టింది. జాన్ డాల్టన్ నీటిలో హైడ్రోజన్ పరమాణువు ఒకటి, ఆక్సిజన్ పరమాణువు ఒకటి ఉంటాయనుకున్నాడు. అందువల్ల 1808లో అచ్చయిన తన పుస్తకంలో ఆక్సిజన్ పరమాణు భారాన్ని 7గా వేశాడు. 16 ఉండాల్సిన చోట అది 7. అప్పటి తూకాల్లో కొంత పొరపాటుంది, అసలు పొరపాటు మాత్రం లెక్కింపులో ఉంది. అవొగాడ్రో 1811లోనే దారి చూపించాడు. దాన్ని రసాయన శాస్త్రజ్ఞులంతా ఒప్పుకోవడానికి 1860లో కార్ల్స్‌రూహ్ నగరంలో జరిగిన సమావేశం, అక్కడ కానిజారో చేసిన వాదన కావలసివచ్చాయి. కాబట్టి గ్రాముల దగ్గర మీ అబ్బాయి తికమకపడితే మందబుద్ధి అనకండి. ఆ తికమకకు చరిత్ర ఉంది.

ఇక పద్ధతి. సమీకరణం రాయండి, తుల్యం చేయండి. ఒక్కో పదార్థం పేరు కింద తెలిసిన గ్రాములు రాయండి. దాని కింద ఒక వరుస ఖాళీగా వదలండి. అది మోల్స్ వరుస. ఆ వరుస నిండకుండా ఏ జవాబూ రాయకూడదన్నది మీకు మీరు పెట్టుకోవలసిన నియమం. తెలిసిన పదార్థం గ్రాముల్ని దాని మోలార్ ద్రవ్యరాశితో భాగిస్తే ఆ వరుసలోకి దిగుతారు. గుణకాల నిష్పత్తితో అదే వరుసలో పక్క పదార్థం కిందికి నడుస్తారు. అక్కడ ఆ పదార్థం మోలార్ ద్రవ్యరాశితో గుణించి మళ్లీ గ్రాముల్లోకి ఎక్కుతారు. దిగడం, నడవడం, ఎక్కడం. ప్రతి అంకె పక్కనా ప్రమాణంతోపాటు పదార్థం పేరు కూడా రాయండి. ఉత్త 5 అని రాయకుండా 5 మోల్స్ హైడ్రోజన్ అని రాసినవాళ్లు దాన్ని 28తో గుణించబోరు, చెయ్యే ఆగిపోతుంది.

నడక దగ్గర వాడేది మన తాతలు వీధిబడిలో నేర్చుకున్న త్రైరాశికమే. మూడుకు ఒకటైతే అయిదుకు ఎంత? కోచింగ్ సెంటర్లలో దీనికి రకరకాల షార్ట్‌కట్‌లు నేర్పుతారు. పరీక్షలో నిమిషాలు ముఖ్యమే, కాదనను. కానీ మోల్స్ వరుస రాసే అలవాటు రాకముందే షార్ట్‌కట్ ఇవ్వడం పిల్లలకు మేలు చేయదని నా గట్టి నమ్మకం. ప్రశ్న కాస్త మెలిక తిరిగితే షార్ట్‌కట్ పనిచేయదు. మోల్స్ వరుస ఎప్పుడైనా పనిచేస్తుంది. ఒక యాభై లెక్కలు వరుస రాసి చేశాక, ఆ వరుస మనసులోనే కనబడటం మొదలవుతుంది. షార్ట్‌కట్ అప్పుడు దానంతట అదే వస్తుంది.

దీన్ని ఇప్పుడు పొలం గట్టు మీద పెట్టి చూద్దాం. రైతు చేతికి వచ్చే యూరియా బస్తా 45 కిలోలు. దాన్ని తయారుచేయడానికి ఏమేం ఎంతెంత కావాలి?

2 అమోనియా + కార్బన్ డయాక్సైడ్ → యూరియా + నీరు

45 కిలోలంటే 45,000 గ్రాములు. 60తో భాగిస్తే 750 మోల్స్ యూరియా. దిగాం. ఒక మోల్ యూరియాకు 2 మోల్స్ అమోనియా కాబట్టి 1500 మోల్స్ అమోనియా, 750 మోల్స్ కార్బన్ డయాక్సైడ్, బయటికి 750 మోల్స్ నీరు. నడిచాం. ఇక ఎక్కడమే. అమోనియా 1500ను 17తో గుణిస్తే 25.5 కిలోలు. కార్బన్ డయాక్సైడ్ 750ని 44తో గుణిస్తే 33 కిలోలు. నీరు 13.5 కిలోలు. సరిచూసుకోవడం కూడా ఇక్కడే నేర్చుకోండి. లోపలికి వెళ్లినవి 25.5, 33 కలిపి 58.5 కిలోలు. బయటికి వచ్చినవి 45, 13.5 కలిపి 58.5 కిలోలు. ద్రవ్య నిత్యత్వ నియమం మీ జవాబు పత్రాన్ని మీకంటే ముందే దిద్దిపెడుతుంది. పరీక్ష హాల్లో ఈ కూడికకు పది సెకన్లు పడుతుంది, దాన్ని ఎప్పుడూ వదులుకోకండి. మోల్స్ మాత్రం ఇలా సరిపోవు, సరిపోవాల్సిన పనీ లేదు. ఇందాకటి అమోనియా చర్యలో 4 మోల్స్ లోపలికి వెళ్లి 2 మోల్స్ బయటికి వచ్చాయి, బరువు మాత్రం ఎక్కడికీ పోలేదు.

బస్తా నుంచి కర్మాగారానికి వెళ్దాం. రామగుండంలో 2021లో ఉత్పత్తి మొదలుపెట్టిన ఆర్‌ఎఫ్‌సీఎల్ కర్మాగారం రోజుకు 3850 టన్నుల యూరియా తయారుచేసే సామర్థ్యంతో కట్టింది. అందులోని అమోనియా ప్లాంటు సామర్థ్యం రోజుకు 2200 టన్నులు. ఆ రెండు అంకెలకు సంబంధం ఉందా? 60 గ్రాముల యూరియాకు 34 గ్రాముల అమోనియా అయితే 60 టన్నులకు 34 టన్నులే. నిష్పత్తికి గ్రామైనా టన్నైనా ఒకటే. 3850ని 34తో గుణించి 60తో భాగిస్తే 2182 టన్నులు. పైన ఉన్న 18 టన్నులు వెసులుబాటు. వేల కోట్లు పెట్టి కట్టే కర్మాగారంలో ఒక ప్లాంటు ఎంత పెద్దగా ఉండాలో తేల్చడానికి తొలి అడుగు ఇంటర్ పిల్లలు చేసే ఈ లెక్కే. పెద్దపల్లి జిల్లా పిల్లలు ఆ చిమ్నీల్ని రోజూ చూస్తారు. ఈ లెక్క వాళ్ల పాఠ్యపుస్తకంలోనే ఉండాల్సింది.

ఇంకొంచెం ముందుకు వెళ్తే మరీ బావుంటుంది. అమోనియాకు కావలసిన హైడ్రోజన్‌ను సహజవాయువులోని మీథేన్ నుంచి, నీటి ఆవిరి నుంచి తీస్తారు. ఆ క్రమంలో వెలువడే కార్బన్ డయాక్సైడ్‌నే యూరియాకు వాడతారు. నైట్రోజన్ కోసం గాలిని పంపుతారు, అందులోని ఆక్సిజన్ కూడా చర్యలో పాల్గొంటుంది. అన్నీ కలిపి ఒకే సమీకరణంగా రాస్తే, గాలిలో నైట్రోజన్, ఆక్సిజన్‌లు సుమారుగా నాలుగుకు ఒకటి అనుకుంటే, ఇలా వస్తుంది:

7 మీథేన్ + 10 నీరు + 8 నైట్రోజన్ + 2 ఆక్సిజన్ → 16 అమోనియా + 7 కార్బన్ డయాక్సైడ్

కుడివైపు చూడండి. 16 మోల్స్ అమోనియా మొత్తాన్ని యూరియాగా మార్చాలంటే 8 మోల్స్ కార్బన్ డయాక్సైడ్ కావాలి. చేతిలో ఉన్నవి 7. అంటే సహజవాయువుతో నడిచే కర్మాగారంలో ముందు అయిపోయేది కార్బన్ డయాక్సైడ్, మిగిలిపోయేది అమోనియా. ప్రపంచమంతా వద్దనుకుని గాల్లోకి వదిలేసే వాయువు అక్కడ కొరత! కాకినాడలోని నాగార్జున ఫెర్టిలైజర్స్‌లో పొగ వాయువుల నుంచి కార్బన్ డయాక్సైడ్‌ను పట్టి యూరియా తయారీకి ఇచ్చే యూనిట్‌ను 2009లో పెట్టారు. దాని వెనక ఉన్నది ఈ ఏడు, ఎనిమిదుల తేడానే.

ముందు అయిపోయేదాన్ని పాఠ్యపుస్తకాలు పరిమిత కారకం అంటాయి. రెండు క్రియాజనకాల పరిమాణాలూ ఇచ్చి ఉత్పత్తి ఎంతని అడిగితే అది పరిమిత కారకం లెక్క. ఇక్కడ పిల్లలు చేసే పొరపాటు, తక్కువ గ్రాములున్న పదార్థమే ముందు అయిపోతుందనుకోవడం. రైలు పట్టాలు అతికే చోటికి వెళ్లి ఇది అబద్ధమని చూద్దాం. రైల్వే వాళ్లు ఏటీ వెల్డింగ్ అనే పనిలో ఐరన్ ఆక్సైడ్, అల్యూమినియం పొడి కలిపి రాజేస్తారు. కరిగిన ఇనుము దిగి పట్టాల సందును నింపుతుంది.

ఐరన్ ఆక్సైడ్ + 2 అల్యూమినియం → అల్యూమినియం ఆక్సైడ్ + 2 ఇనుము

1000 గ్రాముల ఐరన్ ఆక్సైడ్, 400 గ్రాముల అల్యూమినియం ఉన్నాయనుకుందాం. కంటికి తక్కువగా కనబడేది అల్యూమినియం. మోల్స్ వరుసలోకి దిగండి. ఆక్సైడ్ 1000ని 160తో భాగిస్తే 6.25 మోల్స్. అల్యూమినియం 400ను 27తో భాగిస్తే 14.8 మోల్స్. ఇప్పుడు ఒక్కోదాన్ని దాని ముందున్న గుణకంతో భాగించాలి. ఆక్సైడ్ 6.25 అలాగే ఉంటుంది, అల్యూమినియం 7.4 అవుతుంది. చిన్న అంకె ఎవరిదో వాళ్లే పరిమిత కారకం. ఇక్కడ ఆక్సైడ్. అల్యూమినియం 12.5 మోల్స్, అంటే 337.5 గ్రాములు మాత్రమే ఖర్చయి, 62.5 గ్రాములు మిగిలిపోతుంది. ఇనుము 12.5 మోల్స్, 56తో గుణిస్తే 700 గ్రాములు. అల్యూమినియం ఆక్సైడ్ 637.5 గ్రాములు. 700, 637.5, 62.5 కూడండి. 1400 వచ్చిందా? అయితే లెక్క సరైనదే. ఉత్పత్తి మొత్తాన్ని పరిమిత కారకం మోల్స్ నుంచే తీయాలి. మిగిలినదానికి ఉత్పత్తి మీద ఏ అధికారమూ లేదు.

ఇంతవరకు చెప్పింది మార్కులకు సంబంధించినది. ఇప్పుడు చెప్పేది ప్రాణాలకు సంబంధించినది, కాబట్టి ఈ భాగాన్ని పెద్దవాళ్లు కూడా చదవాలి. వంటగ్యాసులో ప్రొపేన్, బ్యూటేన్ ఉంటాయి. సులువుగా ఉండటానికి మొత్తం బ్యూటేన్ అనుకుందాం. బాగా మండితే జరిగేది ఇది:

2 బ్యూటేన్ + 13 ఆక్సిజన్ → 8 కార్బన్ డయాక్సైడ్ + 10 నీరు

ఒక కిలో బ్యూటేన్ అంటే 1000ని 58తో భాగించి 17.24 మోల్స్. దానికి ఆక్సిజన్ ఆరున్నర రెట్లు, అంటే 112 మోల్స్. బరువులో 3.6 కిలోలు. గాలి ఘనపరిమాణంలో ఆక్సిజన్ సుమారు 21 శాతం కాబట్టి 534 మోల్స్ గాలి కావాలి. గది ఉష్ణోగ్రత దగ్గర మోల్ వాయువు దాదాపు 24.5 లీటర్లు ఆక్రమిస్తుంది. మొత్తం 13 ఘనపు మీటర్లు. ఇప్పుడు మన అపార్ట్‌మెంట్లలోని చిన్న బాత్రూమ్ కొలతలు తీసుకోండి. అయిదడుగుల వెడల్పు, ఏడడుగుల పొడవు, ఎనిమిదడుగుల ఎత్తు అనుకుంటే 280 ఘనపు అడుగులు. అంటే 8 ఘనపు మీటర్ల కన్నా తక్కువ. గ్యాస్ గీజరును తలుపు, కిటికీ మూసిన ఆ గదిలో వెలిగిస్తే ఆక్సిజనే పరిమిత కారకం.

అది పూర్తిగా అయిపోయేదాకా ప్రమాదం ఆగదు. ఆక్సిజన్ తగ్గేకొద్దీ మంట వేరే సమీకరణంలోకి జారుతుంది:

2 బ్యూటేన్ + 9 ఆక్సిజన్ → 8 కార్బన్ మోనాక్సైడ్ + 10 నీరు

13 దొరకనప్పుడు 9తో సర్దుకునే చర్య ఇది. కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హీమోగ్లోబిన్‌ను ఆక్సిజన్‌కన్నా గట్టిగా పట్టుకుంటుంది. స్నానానికి వెళ్లినవాళ్లు తల తిరుగుతోందని గ్రహించేలోపే పడిపోతారు. గ్యాస్ గీజరును బాత్రూమ్ బయట, గాలి ఆడే చోట బిగించి, వేడి నీళ్లు మాత్రం గొట్టంలో లోపలికి తీసుకోండి. ఇప్పటికే లోపల ఉంటే ఈ అధ్యాయం పూర్తిచేయడం తర్వాత చూసుకోవచ్చు, ముందు దాన్ని వాడటం ఆపి మెకానిక్‌కు ఫోన్ చేయండి. వంటింట్లో నీలం మంట పసుపుకు తిరిగి గిన్నెల అడుగున మసి పడుతుంటే అక్కడ కూడా గాలి చాలడం లేదని అనుమానించాల్సిందే. బర్నరు రంధ్రాలు శుభ్రం చేయించండి.

ఫార్మాలో చేరిన కుర్రాళ్ల దగ్గరికి వద్దాం. జీడిమెట్ల అయినా పాశమైలారం అయినా పరవాడ అయినా షాప్ ఫ్లోర్ మీద మొదటి వారంలో వినబడే మాట ఈక్వివలెంట్స్. మోల్ నిష్పత్తికే అక్కడి పేరు అది. పారాసిటమాల్ తయారీ తీసుకుందాం. పారా అమైనోఫినాల్ ఒక మోల్, ఎసిటిక్ అన్‌హైడ్రైడ్ ఒక మోల్ కలిస్తే పారాసిటమాల్ ఒక మోల్, ఎసిటిక్ ఆమ్లం ఒక మోల్ వస్తాయి. బరువుల్లో 109, 102 లోపలికి, 151, 60 బయటికి. రెండువైపులా 211. రియాక్టర్‌లోకి 109 కిలోల అమైనోఫినాల్ చార్జ్ చేసి, అన్‌హైడ్రైడ్ 1.1 ఈక్వివలెంట్స్ వేయమని షీట్‌లో ఉంటే, అది 102ను 1.1తో గుణించి 112.2 కిలోలు. 109ని 1.1తో గుణించకూడదు. ఈ తప్పు కొత్తవాళ్ల దగ్గర జరగడానికి కారణం, నిష్పత్తి దేనికి వర్తిస్తుందో తెలియకపోవడం. 1.1 మోల్స్‌కు వర్తిస్తుంది, కిలోలకు కాదు.

ఆ పది శాతం ఎక్కువ ఎందుకు? రెండింటిలో ఏది మిగిలిపోతే నష్టమో ఆలోచించి, దాన్నే పరిమిత కారకంగా ఉంచుతారు. అమైనోఫినాల్ మిగిలితే మందులోకి మలినంగా చేరుతుంది, దాన్ని తీసేయడం కష్టం. అన్‌హైడ్రైడ్ మిగిలితే నీటితో కలిసి ఎసిటిక్ ఆమ్లంగా మారుతుంది, కడిగేస్తే పోతుంది. అందుకే అన్‌హైడ్రైడ్‌ను కాస్త ఎక్కువ వేస్తారు. షీట్‌లో 1.05, 1.1, 2.0 లాంటి అంకెలు కనబడినప్పుడల్లా ఏది మిగిలితే ఇబ్బందని ఇలా రాశారో మీ సీనియర్‌ని అడగండి. ఆ ప్రశ్న అడిగే కుర్రాణ్ని ఎవరూ చిన్నచూపు చూడరు.

దిగుబడి కూడా పరిమిత కారకం మీదే తీస్తారు. పై బ్యాచ్‌లో 136 కిలోల పారాసిటమాల్ చేతికొస్తే, సిద్ధాంతం ప్రకారం రావాల్సిన 151తో పోల్చి 90 శాతం అంటాం. వేసిన సరుకంతా కూడి 221 కిలోలతో పోల్చి 61 శాతమే వచ్చిందని బెంబేలెత్తడం తప్పు. ఎసిటిక్ ఆమ్లంగా వెళ్లిపోయేది ఎలాగూ వెళ్లిపోతుంది.

ముడిసరుకు స్వచ్ఛత గురించి రెండు మాటలు చాలు. పిడుగురాళ్ల బట్టీల్లో సున్నపురాయిని కాలుస్తారు. 100 కిలోల శుద్ధమైన కాల్షియం కార్బొనేట్ నుంచి 56 కిలోల సున్నం వస్తుంది, 44 కిలోలు వాయువుగా పోతుంది. టన్ను సున్నం కావాలంటే 1786 కిలోలు. రాయిలో అసలు పదార్థం 90 శాతమే ఉంటే 1786ను 0.9తో భాగించి 1984 కిలోలు వేయాలి. గుణించాలా, భాగించాలా అన్న సందేహం వస్తే ఒక్క క్షణం ఆగండి. రాయి మురికిదైతే ఎక్కువ కావాలా, తక్కువ కావాలా? ఎక్కువ కావాలంటే భాగించాలి.

ఇప్పుడు మీ చేతులతో చేయండి. పదో వంతు గ్రాము చూపించే చిన్న డిజిటల్ తక్కెడ, వంట సోడా, వినెగర్ కావాలి. బేకింగ్ పౌడర్ వద్దు, బట్టల సోడా వద్దు. వినెగర్ సీసా మీద ఆమ్లం ఎంత శాతమో ఉంటుంది. 4 శాతం అని ఉంటే 150 గ్రాముల వినెగర్‌లో 6 గ్రాముల ఎసిటిక్ ఆమ్లం, అంటే 0.1 మోల్. వంట సోడా మోలార్ ద్రవ్యరాశి 84 కాబట్టి 8.4 గ్రాములు తూస్తే అదీ 0.1 మోల్. రెండూ ఒకటికి ఒకటి చొప్పున కలుస్తాయి, 0.1 మోల్ కార్బన్ డయాక్సైడ్, అంటే 4.4 గ్రాములు వెలువడాలి. వెడల్పైన గిన్నెలో వినెగర్, పక్కన కాగితం మీద సోడా పెట్టి, రెండింటినీ కలిపి ముందు తూకం రాసుకోండి. సోడాను కొంచెం కొంచెంగా వేయండి, నురుగు పొంగి బయట పడకూడదు. మూత బిగించిన సీసాలో మాత్రం ఎప్పుడూ చేయవద్దు, పేలుతుంది. బుడగలు ఆగాక మళ్లీ తూచండి. తగ్గిన బరువు 4.4కు దగ్గరగా, కాస్త తక్కువగా ఉంటుంది. కొంత వాయువు నీటిలోనే కరిగి ఉండిపోతుంది మరి.

రెండోసారి సోడా 16.8 గ్రాములు తీసుకుని, వినెగర్ అంతే ఉంచండి. చేసే ముందే మోల్స్ వరుస రాసి, బరువు ఎంత తగ్గాలో కాగితం మీద వేసుకోండి. సోడా రెట్టింపైనా తగ్గే బరువు రెట్టింపు కాదు. బుడగలు ఆగిన గిన్నెలో ఇంకాస్త వినెగర్ పోస్తే మళ్లీ పొంగుతుంది, ముందు అయిపోయింది ఏదో అది చెబుతుంది. మూడోసారి సోడా 8.4 గ్రాములే ఉంచి వినెగర్‌ను రెట్టింపు చేయండి. ఈసారి ఆగాక వినెగర్ పోసినా చప్పుడుండదు, చిటికెడు సోడా వేస్తేనే పొంగుతుంది. మీ ఇంట్లో ఉన్నది 5 శాతం వినెగర్ అయితే మొదటి ప్రయోగానికి 150 గ్రాములు అక్కర్లేదు, 120 చాలు. ఎందుకు చాలునో లెక్క వేసి చూసుకుని, అప్పుడు గిన్నె తీయండి.